వయసుకు తగని కథలు ఎవరివి?

కౌమారంలో ఉన్న పిల్లల కోసం పెట్టిన కథల పోటీ ఒకదానికి నేనూ నిర్ణేతని. వచ్చిన ఒక కథలో తొమ్మిదో తరగతి అమ్మాయి, బాబాయి ఇంటికొస్తే చాలు, వంటింట్లో అమ్మ వెనక్కి చేరుతుంది. ఎందుకని అమ్మ అడగదు, పిల్ల చెప్పదు. ‘బాగానే ఉంది కానీ ఈ వయసు వాళ్ళకు తగదు’ అన్నారు తోటి నిర్ణేత. బహుమతి ఒక నీతికథకు వెళ్ళింది. సాహిత్యంలో పిహెచ్.డి. చేసిన నేను నోరు మెదపలేదు.

ఏది తగదు? ద్రౌపదిని జుట్టు పట్టి సభకు ఈడ్చుకొచ్చిన కథ పసిపిల్లలకు కూడా చెబుతాం. అప్పుడామె రజస్వల, ఏకవస్త్ర. సంస్కృతంలో ఉన్నంతసేపూ ఎవరికీ అభ్యంతరం లేదు. అదే ఒక ఎనిమిదో తరగతి పిల్ల ‘స్కర్టుకి మరకైంది, బెంచీ మీంచి లేవలేకపోయాను’ అంటే మాత్రం పెద్దల విషయమైపోతుంది! 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో ముసలి లుబ్ధావధాన్లుకి ఇవ్వజూపింది చిన్నపిల్ల సుబ్బిని. గిరీశం మాటలకు తరగతి గదుల్లో పడీపడీ నవ్వుకున్నాం. సుబ్బి గొంతుతో ఆ కథ ఎవరైనా రాస్తే పిల్లల చేతికిస్తామా?

అన్వేషి 2008లో తెచ్చిన ‘డిఫరెంట్ టేల్స్’లో గోగు శ్యామల రాసిన బాలమ్మ కథ ఉంది. పొలంలో మీద పడబోయిన దొర నుంచి ఆ పిల్ల తన బలంతోనే తప్పించుకుంటుంది. పొలానికి పోయే పిల్లకు జరగడానికి తగిన వయసే అయినప్పుడు, చదవడానికి తగని వయసు ఎవరిది? మన ఇళ్ళలో భద్రంగా పెరిగే పిల్లలదేనా? (వాళ్ళ భద్రత సంగతీ పై కథలో బాబాయే చెప్పాడు.)

ఏదైనా రాసెయ్యమని నేననడం లేదు. దాడిని కళ్ళార్పకుండా వర్ణించే కథలన్నా, చివర్లో పిల్లను బావిలో దూకించే కథలన్నా నాకు భయమే. అవి చదివిన పదమూడేళ్ళ పిల్ల మరింత ముడుచుకుపోతుంది. చదివాక పక్కింటి అక్కతోనైనా ఒక్క మాట అనగలగాలి. ఆ మాటేది? శరీరం గురించి మనకున్నవి అయితే బూతులు, కాకపోతే సంస్కృతం. 2012 నాటి పోక్సో చట్టం పిల్ల చెప్పింది చెప్పినట్టే రాసుకోవాలంటుంది. చెప్పుకునే భాషే చేతికివ్వకుండా ఏం చెప్పమంటాం? రచయిత్రులుగా మనం తలపడాల్సింది ఇక్కడ.

పేర్లు తీసేసి నెంబర్లతో ఇచ్చారు కనుక ఆ కథ ఎవరిదో నాకు తెలియదు. ఆమె ఇది చదువుతుంటే, దయచేసి కథ మళ్ళీ ఎక్కడికైనా పంపండి. ఆ బల్ల దగ్గర నేనుంటే ఈసారి మాట్లాడతాను.