అంకె చూసి కొనొద్దు, గొంతులు లెక్కపెట్టి కొనండి

ఇంట్లో పాట రికార్డు చేయాలంటే మైకుకీ కంప్యూటర్‌కీ నడుమ ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె కావాలి. కొనేముందు అందరూ అడిగేది ఒకటే: 192 కిలోహెర్ట్జ్ ఉందా?

మా అన్న కూడా అదే చూశాడు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలోలో ఉంది, 2ఐ2లోనూ ఉంది. "అయితే ధర తక్కువైన సోలోనే తీసుకుందాం" అన్నాడు. నేనొప్పుకోలేదు.

మనిషి చెవికి వినిపించేది సుమారు 20 కిలోహెర్ట్జ్ దాకానే. సీడీలో పాట ఉండేది 44.1లోనే కదా! ఇంటి పాటకు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ ధారాళంగా చాలు. అసలు తేడా వేరే చోట ఉంది. సోలోకి ఒక మైకే పెట్టగలం, 2ఐ2కి రెండు.

మా అవ్వ ఒంటరిగా పాడదు. అవ్వ ఎత్తుకుంటే అమ్మ అందుకోవాలి. ఒకే మైకు ముందు ఇద్దరినీ కూర్చోబెడితే అమ్మ గట్టి గొంతే పైకి వస్తుంది. రెండు మైకులుంటే ఎవరి ట్రాకు వారిది. అవ్వ గొంతును తర్వాత పెంచుకోవచ్చు.

కండెన్సర్ మైకు అయితే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఉందో లేదో చూసుకోండి. పాడేటప్పుడు ఫ్యాన్ ఆపండి.

మా ఇంట్లో అరవం పెరిగేకొద్దీ ఈ తెలుగు పాటలు అవ్వ నోట్లోనే మిగిలాయి. నాకు ఒక్కటీ పూర్తిగా రాదు. మీ ఇంట్లోనూ ఇంతేనా? అయితే ఇంకా మంచి పెట్టె కోసం ఆగకండి. అవ్వ గొంతు ఆగదు.