హెచ్చరిక: నిద్రమాత్ర ఇచ్చి పంపేయకండి

గుండె దడ, నీరసం, ఒళ్ళు నొప్పులు, గ్యాస్, నిద్ర పట్టకపోవడం. మోపిదేవి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఈ బాధలతో ఆసుపత్రి మెట్లెక్కే వాళ్ళలో కొందరిది కుంగుబాటు, కొందరిది ఆందోళన జబ్బు. మనసు బాగోలేదని చెప్పి ఓపీ చీటీ రాయించుకునే వాళ్ళు మన వైపు అరుదు. బీపీ చూస్తారు, ఈసీజీ తీస్తారు, అంతా బాగుందని పంపేస్తారు. ఆర్‌ఎంపీ దగ్గరికెళితే సెలైన్, బలానికో సూది, రాత్రికి ఆల్‌ప్రాజొలామ్ నిద్రమాత్ర. ఆ రాత్రికి నిద్ర పడుతుంది, జబ్బు మాత్రం లోపల ముదురుతూనే ఉంటుంది. పైగా ఆ మాత్ర కొద్ది వారాల్లోనే అలవాటవుతుంది. అలవాటయ్యాక ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు.

కుంగుబాటు ఉన్నవాళ్ళలో నూటికి 85 మందికి వైద్యమే అందడం లేదని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది. నిజానికి దాన్ని పసిగట్టే సాధనం ఆశా కార్యకర్త చేతిలోనే ఉంది. 30 ఏళ్ళు దాటిన వాళ్ళకు నింపే సీబ్యాక్ ఆరోగ్య పరిశీలన ఫారంలో రెండు ప్రశ్నలున్నాయి. గడిచిన 2 వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా? దిగులుగా, నిరాశగా ఉందా? జవాబులకు వేసే మార్కులు 3 దాటితే డాక్టరుకు చూపించాలి. కానీ వసారాలో అత్తగారు, భర్త వింటుండగా అడిగితే ఏ కోడలు నోరు విప్పుతుంది? సున్నా పడిపోతుంది, ఫారం పూర్తవుతుంది. ఆశా అమ్మా, ఆమెను పెరట్లోకి పిలిచి అడగండి. కౌలు కట్టలేక తిండి మానేసిన రైతునూ, 2024 సెప్టెంబరు కృష్ణా వరదకు పంట పోగొట్టుకున్న లంక ఊళ్ళ వాళ్ళనూ అలాగే విడిగా అడగండి.

ఇది మన వల్ల అయ్యే పనే. ఉమ్మడి పశ్చిమ గోదావరిలో 30 గిరిజన గ్రామాల్లో ఆశాలు ట్యాబ్‌లు పట్టుకుని ఇలాగే అడిగారు, పీహెచ్‌సీ డాక్టర్లు చికిత్స చేశారు. ఆ స్మార్ట్ మెంటల్ హెల్త్ పథకంలో, జబ్బు లక్షణాలు కనిపించిన వాళ్ళలో వైద్యం పొందిన వారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. చాలదు, అయినా దారి దొరికింది.

డాక్టర్లకో మనవి. కుంగుబాటు మందు గుణం తెలియడానికి 2 నుంచి 4 వారాలు పడుతుందని రోగికి చెప్పి పంపండి. చెప్పకపోతే పనిచేయడం లేదని వారానికే మానేస్తారు. తగ్గాక కూడా కనీసం 6 నెలలు వాడాలి. రోగులకూ ఒక మాట: మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి పుట్టలో పాలు పోసి మొక్కుకోండి, మందు మాత్రం ఆపకండి.

ఇంట్లో ఎవరైనా బతకాలని లేదని అంటే, బెదిరింపని కొట్టిపారేయకండి. పురుగుమందు డబ్బాలు ఇవాళే ఇల్లు దాటించండి. మనిషిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పోలీసు కేసవుతుందని జంకొద్దు, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలనీ, శిక్షించకూడదనీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అర్ధరాత్రయినా టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.