మా ఖాతా ఎందుకు నిద్రపోయింది?

ఏ ఖాతాదారుడు రేపు మొహం చాటేస్తాడో బ్యాంకుల కంప్యూటరు ముందే చెప్పేస్తుందట. యాప్ తెరవడం తగ్గిందా, నిల్వ కరుగుతోందా, లావాదేవీకీ లావాదేవీకీ మధ్య రోజులు పెరుగుతున్నాయా అని లెక్కగడుతుంది. జారిపోతున్నాడనిపిస్తే ఫోనుకి ఓ మెసేజి, ఓ ఆఫరు. బాగానే ఉంది. మరి ఆ లెక్కలో మా పేట ఎక్కడుంది?

దివిసీమలోనో, గుడివాడ పక్కనో ఏ దళితవాడకైనా వచ్చి చూడండి. నాట్లప్పుడు, కోతలప్పుడు, మినుము పీకేటప్పుడు చేతిలో నాలుగు డబ్బులాడతాయి. తర్వాత కాలవలు కట్టేస్తారు. పనుండదు. కొందరు గుంటూరు వైపు మిరపకోతలకు పోతారు. కూలి చేతికిస్తారు, చేతిలోంచే కొట్టుకు పోతుంది. ఇక ఖాతాలో కదిలేదేంటి? ఇంటికున్న ఒక్క ఫోనూ కొడుకుతో బెజవాడ పోయింది. ఓటీపీ అక్కడ మోగుతుంది, అమ్మ ఇక్కడుంటుంది. నారు పట్టీ పట్టీ అరిగిన వేలిని మిషను గుర్తుపట్టదు. కంప్యూటరు మాత్రం ఆమెకు ఆసక్తి లేదని రాసుకుంటుంది. కబురు రాకపోవడం దానికి తెలుసు. ఎందుకు రాలేదో తెలియదు.

1923లో బందరులో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టారు. అదే ఏడు బాబాసాహెబ్ రూపాయి సమస్య మీద పుస్తకం అచ్చు వేయించారు. రూపాయి శాస్త్రం రాసింది మనవాడే. పాసుపుస్తకం మాత్రం మనలో చాలామంది గడపకు 2014 జనధన్ దాకా రాలేదు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పుస్తకం మీద ఒక పేరు, బోర్డు మీద ఇంకో పేరు. ముసలాళ్లు ఏ గుమ్మం ఎక్కాలి?

రూలు తెలుసుకోండి. రెండేళ్లు మనంతట మనం వెయ్యకా తియ్యకా ఉంటే ఖాతా ఇనాపరేటివ్ అవుతుంది. బ్యాంకు వేసే వడ్డీ లెక్కలోకి రాదు. పదేళ్లయితే సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది, అప్పుడైనా మన బ్యాంకునే అడిగి తెచ్చుకోవచ్చు. 2024 ఏప్రిల్ నుంచి ఖాతా మళ్లీ లేపడానికి పైసా తీసుకోకూడదు. ఏ బ్రాంచిలోనైనా కేవైసీ కాగితాలివ్వొచ్చు. 2025 జూన్ నుంచి ఊళ్లోని బ్యాంకు మిత్ర ద్వారా కూడా ఇవ్వొచ్చు. కౌంటరు దగ్గర "మీ బ్రాంచికే పో" అంటే కదలొద్దు. మమ్మల్నీ అలాగే తిప్పారు, ఒక పూట కూలి పోయింది.

బ్యాంకోళ్లని మేం అడిగేది ఒకటే. జారిపోతున్నారని మీ మిషను తీసిన జాబితా బ్యాంకు మిత్ర చేతికివ్వండి. కోతలయ్యాక, డబ్బులుండగా ఇల్లిల్లూ తిరగమనండి. మెసేజి చదివే ఫోను మాకాడ లేదు.

కార్యకర్తలారా, ఈలోగా మీరే తిరగండి. పాసుపుస్తకాలు బయటికి తీయించండి. చివరి ఎంట్రీ ఏడాది దాటిందా చూడండి. దాటితే పది రూపాయలైనా వేయించి, చీటీ అడిగి తీసుకుని ఆ పుస్తకంలోనే పెట్టించండి.