నంబరు ఒకటే, బండి ఒకటేనా?

మా మేనల్లుడు పాత స్కూటరొకటి బేరం పెట్టుకుని, “మామయ్యా, మీరూ ఒకసారి వచ్చి చూడండి” అన్నాడు. బండి సంగతి నాకేం తెలుసును? చదివి సరిచూడడం మాత్రం తెలుసును. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాను. ఆ ముద్ర ఆర్.సి.లోని అంకెలతో సరిపోయింది. ఇంజను నంబరు మాత్రం సరిపోలేదు!

“కొంపదీసి దొంగబండి కాదు గదా?” అన్నాడు వాడు, నా చెవి దగ్గర చేరి.

పాత స్పోర్ట్సు కార్లు కొనే శ్రీమంతులకూ ఇదే బెంగ. 1961లో వెలువడిన జాగ్వార్ ఇ-టైపునే తీసుకోండి. దాని రేకు మీద బండికీ, బాడీకీ, ఇంజనుకూ, గేర్‌బాక్సుకూ విడివిడిగా నంబర్లుంటాయి. కాని రేకును ఊడదీసి మరో బండికి బిగించడం ఎంతసేపు? అందుకే తెలిసినవారు రేకును నమ్మి ఊరుకోరు. ముందు చట్రం మీదా, ఇంజను మీదా అచ్చుగొట్టిన అంకెలు వెతుకుతారు. వాటి చుట్టూ అరగదీసిన జాడ గాని, కొత్త అతుకు గాని ఉన్నదేమో చూస్తారు. ఆపైన కర్మాగారపు పాత దస్తరాలతో పోల్చుకుంటారు.

అన్నీ సరిపోతే చిక్కు లేదు. కొన్నే సరిపోతే?

‘ఓల్డ్ నంబర్ వన్’ అనే బెంట్లీ కారు 1929లోనూ, 1930లోనూ ఫ్రాన్సులో ల మాన్ పందెం గెలిచింది. తరువాత దానికి 8 లీటర్ల ఇంజను బిగించారు. 1932లో బ్రూక్‌లాండ్స్ పందెంలో అది గట్టు దాటి పడిపోయింది. నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ మరణించాడు. ఆ బండికే మళ్ళీ మరమ్మతులు చేసి, కొత్త బాడీ కట్టారు. చివరకు కోటి పౌండ్లకు బేరం కుదిరాక, కొనేవారు “ఇది ఆ కారే కాదు” అన్నారు. వ్యవహారం లండను హైకోర్టుకెక్కింది.

1990లో జస్టిస్ ఆటన్ తీర్పు చెప్పాడు. 1929 నాటి భాగాలు అందులో బహుస్వల్పమేనట. అయినా ఒక్కొక్కటే మారుతూ వచ్చిందే గాని, మధ్యలో ఎక్కడా దాని చరిత్ర తెగిపోలేదు గనుక అది ఆ కారేనట! అమ్మినవాడు గెలిచాడు.

ఇంజను మారడం తప్పు కాదన్నమాట. మారిన సంగతి తెలియకపోవడమే తప్పు. నేను స్కూటరు ఆసామినే అడిగాను. ఆయన నొచ్చుకోకుండా లోపలికి వెళ్ళి, ఇంజను మార్చిన నాటి రసీదు తెచ్చి చూపించాడు. ఆర్.సి.లో రాయించడం మాత్రం బద్ధకించాడట.

“బండి మంచిదే. ఆయన ఆఫీసులో రాయించి తెచ్చాకే డబ్బివ్వు” అన్నాను మేనల్లుడితో.

“అంతవరకూ ఆగాలా మామయ్యా?” అన్నాడు వాడు.

కోటి పౌండ్లవాడే కోర్టు చుట్టూ తిరిగాడు. మనం నాలుగు రోజులు ఆగితే పోయిందేమిటి?