తేదీ ఉంది, దేశం సిద్ధంగా ఉందా?

2011 జూలై 9న స్వతంత్ర దేశంగా పుట్టిన దక్షిణ సూడాన్‌లో ఇంతవరకు ఒక్క సార్వత్రిక ఎన్నిక కూడా జరగలేదు. 2015లో జరగవలసినవి అంతర్యుద్ధం వల్ల ఆగిపోయాయి. 2018 శాంతి ఒప్పందం తర్వాత పెట్టుకున్న గడువులూ ఒకదాని వెంట ఒకటి దాటిపోయాయి. 2024 డిసెంబరు ఎన్నికలు చివరికి 2026 డిసెంబరుకు వాయిదా పడ్డాయి. అక్కడి ప్రజల్లో అత్యధికులు మన సహవిశ్వాసులు. మన దేశపు సైనికులు ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో అక్కడ కాపలా కాస్తున్నారు. కొందరు ప్రాణాలు కూడా అర్పించారు. కనుక ఆ దేశం ఎన్నికలకు నిజంగా సిద్ధంగా ఉందా అన్నది మనకు సంబంధం లేని ప్రశ్న కాదు.

సిద్ధపాటు అంటే పెట్టెలూ, సిరా, బ్యాలెట్ కాగితాలూ సమకూర్చుకోవడంతో అయిపోదు. మేము నాలుగు ప్రశ్నలు అడుగుతాము. ఓటర్లు ఎవరు? ఏ చట్టం కింద ఓటు వేస్తారు? తుపాకులు ఎవరి చేతిలో ఉన్నాయి? ఓడినవాడు క్షేమంగా ఇంటికి వెళ్లగలడా?

ఓటర్ల సంగతి చూద్దాం. ఆ ప్రాంతంలో చివరి జనగణన 2008లో, స్వాతంత్ర్యానికి ముందే జరిగింది. ఆ తర్వాత యుద్ధం ఊళ్లకు ఊళ్లనే చెదరగొట్టింది. 20 లక్షలకు పైగా ప్రజలు ఉగాండా, సూడాన్, ఇథియోపియా, కెన్యా వంటి పొరుగు దేశాల్లో శరణార్థులయ్యారు. దేశం లోపలే ఇల్లు విడిచి బతుకుతున్నవారూ లక్షల్లో ఉన్నారు. వీరి పేర్లు ఏ ఊరి జాబితాలో రాయాలి? ఏ ప్రాంతానికి ఎన్ని స్థానాలు ఇవ్వాలి? పాత లెక్కతో వీటికి న్యాయమైన జవాబు దొరకదు.

ఇక చట్టం. నేటికీ నడుస్తున్నది 2011 నాటి తాత్కాలిక రాజ్యాంగమే. పార్లమెంటు సభ్యులు నియమితులే గాని, ప్రజలు ఎన్నుకున్నవారు కారు. అధ్యక్షుని అధికారాలకు హద్దు గీయకుండా ఎన్నిక పెడితే, గెలిచినవాడికి అంతా దక్కుతుంది, ఓడినవాడికి ఏమీ మిగలదు. అలాంటి పోటీలో ఓటమిని ఎవరు ఒప్పుకుంటారు?

తుపాకుల సంగతి ఇంకా కలవరపెడుతుంది. 2013 డిసెంబరులో అధ్యక్షుడు సాల్వా కీర్‌కూ, ఆయన మాజీ ఉపాధ్యక్షుడు రియెక్ మచార్‌కూ మధ్య చెలరేగిన వైరం డింకా, నూయర్ జాతుల మధ్య రక్తపాతమైంది. ఆ యుద్ధంలో దాదాపు 4 లక్షల ప్రాణాలు పోయాయని ఒక అంచనా. ఇరుపక్షాల బలగాలను ఒకే సైన్యంగా కలపాలన్న ఒప్పందం పూర్తిగా నెరవేరలేదు. పైగా 2025 మార్చిలో మచార్‌ను గృహనిర్బంధంలో ఉంచారు. సెప్టెంబరులో దేశద్రోహం, హత్య వంటి నేరాలు మోపారు. ఆయన పక్షం వాటిని తోసిపుచ్చింది. దోషం తేల్చవలసింది న్యాయస్థానం; మేము తీర్పు చెప్పము. అయితే ఒప్పందంపై సంతకం చేసిన ప్రధాన నాయకుల్లో ఒకరు నిర్బంధంలో ఉండగా జరిగే పోటీని సమాన పోటీ అనలేము.

చదువు తక్కువ, రోడ్లు లేవు, ఆఫ్రికాలో ఇంతే అని పెదవి విరిచేవారితో మేము ఏకీభవించము. ఇదే ప్రజలు 2011 జనవరిలో స్వాతంత్ర్యంపై అభిప్రాయ సేకరణకు గంటల తరబడి వరుసల్లో నిలబడ్డారు. దాదాపు 99 శాతం మంది విడిపోవడానికే ఓటు వేశారు. ఓటు వేయడం వారికి తెలుసు. అయితే ఆనాడు పొరుగింటివాడు ఓడిపోవలసిన అవసరం రాలేదు. ఈసారి వస్తుంది.

అలాగని మళ్లీ వాయిదా వేస్తే చాలా? వాయిదా వల్ల లాభపడేది ఇప్పుడు కుర్చీల్లో ఉన్నవారే. చమురు ఆదాయం ఉన్నా, నెలల తరబడి జీతాలందని ఉద్యోగులకు పాలకులను ప్రశ్నించే అవకాశం మళ్లీ దూరమవుతుంది. మా అభిప్రాయం ఇది: తేదీని వదలకూడదు, అయితే తేదీ కన్నా ముందు కాల్పులు ఆగాలి, ప్రతిపక్షం నిర్భయంగా ఊరూరా తిరగాలి, శరణార్థుల ఓటుకు దారి చూపాలి, ఫలితంపై వివాదాన్ని తేల్చే న్యాయస్థానాన్ని అందరూ ముందే అంగీకరించాలి. ఇవి జరగకపోతే ఆ దేశం సిద్ధంగా లేదనే చెప్పాలి.

ఈ పనిలో అక్కడి సంఘాలకు అనుభవముంది. 1999లో వున్లిట్‌లో డింకా, నూయర్ పెద్దలను ఒకచోట కూర్చోబెట్టి రాజీ కుదిర్చింది సంఘాల మండలే. 2019లో పోప్ ఫ్రాన్సిస్ మోకాళ్లూని ఆ నాయకుల పాదాలను ముద్దాడారు. 2023లో ఆయన, కాంటర్‌బరీ ఆర్చిబిషప్, స్కాట్లాండ్ సంఘపు మోడరేటర్ కలిసి జూబాకు వెళ్లారు. నాయకులు ఆ పిలుపును మరిచినా, ఊళ్లలోని కాపరులు మరువకూడదు.

ప్రియ పాఠకులారా, ఈ ఆదివారం ఆ దేశాన్ని ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి. అలాగే మన పాస్టరేట్ ఎన్నికలనూ తలచుకోండి. ఓడినవారు సంఘం మారడమో, కోర్టుకెక్కడమో మనకూ కొత్త కాదు. ఓడిన సహోదరుడు మరుసటి ఆదివారం అదే బల్ల దగ్గరకు సంతోషంగా రాగలిగేలా మనం నడుచుకుంటే, దక్షిణ సూడాన్ కోసం మనం చేసే ప్రార్థనకు మన జీవితమే సాక్ష్యమవుతుంది.