కల్లు సీసాలో కలిసిన మత్తు

2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు పెరిగి, మత్తుమందు కలపడం ఒక్కసారిగా ఆగేసరికి పాలమూరు ఊళ్లలో జనం చేతులు వణికాయి, మాట తడబడింది, కొందరికి ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రుల ముందు వరుస కట్టారు. చెట్లు చాలక, గిరాకీ తగ్గక, నీళ్లలో చక్కెర, అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మిన పాపమది. ప్రాణాలకు తెగించి చెట్టెక్కే గీత కార్మికుడి మీదికి దాన్ని నెట్టొద్దు.

నల్లగొండ వైపు భయం గంజాయిది. అది రవాణా అయ్యే విజయవాడ హైవే ఈ జిల్లా మీదుగానే పోతుంది. పోలీసులు పట్టుకుంటున్నారు, మంచిదే. కానీ ఇంటర్ చదివే పిల్లగాడు నిద్రపోకుండా, అన్నం ముట్టకుండా, దోస్తులను మార్చేస్తే ముందు గమనించేది అమ్మ. ఆ అమ్మల బలం చిన్నది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాపై తిరగబడింది రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లే. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా ఆగింది. మన మహిళా సంఘాల నెలవారీ సమావేశాల్లో పొదుపు లెక్కలతో పాటు పిల్లల సంగతీ రావాలి.

ఒక్క జాగ్రత్త. అలవాటు పడ్డవాణ్ని గదిలో పెట్టి తాళం వేయకండి. కల్లులో కలిపే ఇలాంటి మత్తుమందులు హఠాత్తుగా మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. డాక్టరు మోతాదు తగ్గిస్తూ మాన్పిస్తారు. మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.