రాడ్ కోసం రోజులు పోగొట్టొద్దు

దాదీమా జారిపడి తుంటి హడ్డీ విరిగిందంటే, సిద్దిపేటలో మనలాంటి ఖాందాన్‌లకు ముందు పట్టుకునేది పైసల ఫికర్. ‘‘చిన్న గాటుతో వేసే పేటెంట్ రాడ్ ఉందట, ఫారిన్‌దైతేనే పక్కా’’ అని ఎవరో అంటారు. ఒకరు కర్జ్ కోసం, ఒకరు జేవర్ కుదువపెట్టడానికి తిరుగుతారు. దాదీమా మంచం మీదే ఉంటుంది.

నా మాట ఒక్కటే: ఆ రాడ్ కన్నా ఆ రోజులే కీమతీ. తుంటి విరిగిన బుజుర్గ్‌లకు వీలైతే 24 నుంచి 48 గంటల్లోపే ఆపరేషన్ కావాలి. పడుకున్నకొద్దీ ఒంటి పుండ్లు, నిమోనియా, కాళ్లలో రక్తం గడ్డలు.

చిన్న గాటు ఇలాజ్ నిన్నటిది కాదు. 1939లోనే జర్మన్ సర్జన్ గెర్హార్డ్ కుంట్షర్, విరిగిన చోటును తెరవకుండా తొడ ఎముక బోలులోకి స్టీలు మేకు దింపాడు. విరిగిన చోట రక్తప్రసరణ చెడకపోతే హడ్డీ బాగా అతుక్కుంటుంది. ఇప్పటి రాడ్లు ఆ ఆలోచనకు మెరుగులే.

మన ముల్క్ కానూన్ కూడా తెలుసుకోవాలి. 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఐ) ప్రకారం ఆపరేషన్ చేసే తరీకాకు పేటెంట్ ఉండదు. రాడ్, స్క్రూ, బిగించే ఔజార్‌లకే దొరుకుతుంది, అదీ 20 ఏళ్లే. ఆ తర్వాత ఆ డిజైన్‌ను ఎవరైనా తయారు చేయొచ్చు. పేటెంట్ అంటే కొత్తదని ముహర్, అంతే. మీ దాదీమాకు అదే మేలని సర్టిఫికెట్ కాదు.

కొత్తవన్నీ ఫుజూల్ అనను. ఎముక గుల్లబారినా, ముక్కలు ఎక్కువైనా ఫలానా డిజైనే కావాల్సి రావచ్చు. అప్పుడు డాక్టర్ సాబ్‌ను వజహ్ అడగండి. 2017 ఆగస్టులో సర్కార్ ధరలకు హద్దు పెట్టింది మోకాలి మార్పిడి ఇంప్లాంట్లకు. ఆ హద్దు ఈ రాడ్లకు వర్తించదు. కాబట్టి అడగాల్సింది మనమే: దీనికీ చౌకదానికీ ఫరక్ ఏమిటి? ఆరోగ్యశ్రీలో వస్తుందా? కంపెనీ, బ్యాచ్ నంబర్ ఉన్న స్టిక్కర్ ఇస్తారా?

సిద్దిపేటలో 2018 నుంచి సర్కారీ మెడికల్ కాలేజీ ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. జేవర్ తీసే ముందు, హైదరాబాద్ బండెక్కే ముందు, అక్కడి దవాఖానాలో అడగండి. పెద్ద డాక్టర్ ముందు నోరు విప్పడం బేఅదబీ అనుకుంటాం. కాదు, అది మన హక్. మంచంలో నొప్పితో మూలుగుతున్న మనిషి తరఫున మాట్లాడాల్సింది ఇంటివాళ్లే.